పదోవాడి కోసం నన్ను పంపారు

నలభై ఏళ్లుగా ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా మాట మార్చేశారు. మీరైనా వినండి. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, షికాగో శివార్లలోని ఒక యూదుల వృద్ధాశ్రమంలో నేను నర్సులకు సహాయకుణ్ణి. అక్కడి యూదు నర్సుకి, నా వయసువాడే, సెక్రటరీ అని పేరు పెట్టాను. రోగికి బీపీ చూస్తూనే తమ ప్రార్థనా మందిరం విందులకూ దుప్పట్ల పంపకానికీ మనుషుల్ని పోగుచేసేవాడు. (నా దుప్పటి కూడా తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు.)

ఒక జనవరి మధ్యాహ్నం. నేను రోజూ స్నానం చేయించే దర్జీ తాత భార్య పోయిన తిథి. పొద్దు గుంకేలోగా ఆమె పేర ప్రార్థన చదవాలి. అందుకు పదిమంది యూదు మగవాళ్లు ఉండాలి. బయట మంచు. తాత కోటు తొడుక్కుని, చక్రాల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. సెక్రటరీ లెక్క మొదలుపెట్టాడు. (మనుషుల్ని లెక్కపెట్టకూడదట, అందుకని "ఒకటి కాదు, రెండు కాదు" అంటారు.) "తొమ్మిది కాదు" దగ్గర ఆగి, నన్ను దాటి తలుపు వైపు చూశాడు. నేను "పది కాదు" కూడా కాలేకపోయాను.

"నేనున్నానుగా!" అన్నాను.

"నువ్వు కుదరదు బ్రదర్. మందుల షాపాయన మావాడే, పిలుచుకురా, క్విక్!"

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "పోయినేడూ తొమ్మిది దగ్గరే ఆగిపోయింది."

కారు స్టార్ట్ కాలేదు. మూడు వీధులు మంచులో పడుతూ లేస్తూ వెళ్లాను. షాపాయన మాత్రలు లెక్కపెడుతున్నాడు. (వాటిని మాత్రం తిన్నగానే లెక్కపెట్టాడు.) చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వెలుగు పోకముందే తాత చదివాడు. ఆమెన్ అందరికంటే గట్టిగా నేనే అన్నాను. ఒక్కడూ వెనక్కి తిరగలేదు.

ఇంటికెళ్లి చెప్పబోతే మా బావ పడీపడీ నవ్వాడు. "మన తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లోనే నీకు ప్లేట్ పెట్టడం మర్చిపోయార్రా, వాళ్లు లెక్కపెడతారా?"

వసంతం రాకముందే తాత పోయాడు. ఆయన పేర చదవడానికి పిల్లల్లేరు. సెక్రటరీ వేరే ఊరు వెళ్లిపోయాడు. నన్నెందుకు లెక్కపెట్టలేదని రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇప్పుడు తలుచుకుంటే, తడిసిన బూట్లతో వెనక నిలబడి అరిచిన ఆ మొండివాణ్ణి చూసి నాకే నవ్వొస్తుంది. ఆ ప్రశ్న వదిలేశాను. ఇంకోటుంది.

ఒరేయ్ సెక్రటరీ, తాత తిథికి ఎవరైనా చదువుతున్నారా? దీనికైనా జవాబు చెప్పు. తొమ్మిది దగ్గర ఆగితే ఫోన్ చెయ్యి. పదోవాణ్ణి నేను తీసుకొస్తాను.