చెంచా వెనక చేప గుర్తు

మా చిన్నప్పుడు... కొవ్వూరులో మా అమ్మమ్మ వెండి చెంచా చేతికి వస్తే ముందు వెనక్కి తిప్పేది. ముందువైపున్న మామిడిపిందెల నగిషీ ఎవరైనా చెక్కగలరట. వెనక కాడ మీద వేలికి తగిలే చిన్న చేప మాత్రం, వాటిని చేసిన రాజమండ్రి కంసాలి ఒక్కడే కొట్టే గుర్తట. ఆరు చెంచాలు... ఆవిడ పెళ్ళిలో పెట్టినవి. చూపు మందగించాక కూడా బొటనవేలితో తడిమి, "మనదే" అనేది.

ఎదురింటి సుబ్బలక్ష్మిగారు, అమ్మమ్మ ముప్పై ఏళ్ళ స్నేహితులు. ఏ ఇంట్లో కూర దించినా రెండో ఇంటికి గిన్నె వెళ్ళాల్సిందే. వాళ్ళమ్మాయి పద్మక్కకి పెళ్ళయి, కొత్త అల్లుడు, వియ్యాలవారు మొదటిసారి భోజనానికి వస్తుంటే అమ్మమ్మ తన వెండి కంచం, ఆరు చెంచాలు పంపింది. ఆ రోజుల్లో ఒకింటి వెండి వీధిలో అల్లుళ్ళందరికీ సరిపోయేది.

మర్నాడు తువ్వాల్లో చుట్టి తిరిగి తెచ్చారు. విబూదితో తోమి పెట్టమని అమ్మమ్మ నాకు చెప్పింది. నాకప్పుడు పదేళ్ళు. ఒక చెంచా మీద నల్లమచ్చ ఎంతకీ వదల్లేదు... ఇత్తడి బిందెలు తోమే ఇటుకపొడి, కొబ్బరిపీచు తెచ్చి నా బలమంతా పెట్టి రుద్దాను. తళతళలాడిపోయింది. అమ్మమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను.

సాయంత్రం పెట్టెలో సర్దుతుంటే ఆవిడ వేలు ఆగింది.

"ఇది మనది కాదే. చేప లేదు."

అసలే అరిగిన గుర్తు... నా చేతుల్లోనే పోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఇటుకపొడి ఎర్రగా అంటిన గోళ్ళు పరికిణీలో దాచుకున్నాను.

అమ్మమ్మ ఎదురింటికి వెళ్ళింది. వెనకే నేనూ.

"వదినగారూ, చెంచా ఒకటి మారినట్టుందండి. వియ్యాలవారి సామాన్లో కలిసిందేమో, ఓ మాట అడుగుతారా?"

సుబ్బలక్ష్మిగారి మొహం పాలిపోయింది. "కొత్త వియ్యంకుల్ని చెంచా గురించి ఎలా అడగనండీ..."

అంతే. తగవు లేదు, పెద్దమాట లేదు. మర్నాటి నుంచి కూరగిన్నెలు ఆగిపోయాయి. రెండేళ్ళకి వాళ్ళు నిడదవోలు వెళ్ళిపోయారు, చెప్పకుండానే.

డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి ఉండబట్టలేక అమ్మమ్మకి నిజం చెప్పేశాను. ఆవిడ పెట్టెలోంచి ఆ చెంచా తీసి బొటనవేలితో తడిమింది. ఫోన్ చేద్దామంటే, "ఇది ఫోన్లో చెప్పే మాటా? పద" అని చీర మార్చుకుంది.

నిడదవోలులో తలుపు తీసింది పద్మక్క. సుబ్బలక్ష్మిగారు పోయి నాలుగు నెలలైందట...

మంచినీళ్ళిస్తూ మాటల్లో అంది. "నాకిద్దరు పిల్లలు పుట్టాక కూడా అమ్మ మా అత్తగారింట్లో ఒక్కపూట భోంచేసి చెయ్యి కడగలేదు అత్తయ్యగారూ. వాళ్ళంటే ఏదో అనుమానం. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు. అలాగే పోయింది."

అమ్మమ్మ నా వైపు చూసింది. మొత్తం చెప్పాను. పద్మక్క కళ్ళు తుడుచుకుని, "పదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు" అని నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా వెండి అంతా మిషను నగిషీది... బ్యాంకు లాకర్లో ఉంటుంది. ఎవరూ అరువడగరు, నేనూ ఇవ్వను. మీ ఇంటి వెండిలో ఎదురింటి అల్లుడికి వడ్డించిన రోజులు మీకూ ఉంటే రాయండి. అప్పుడు చెప్పలేక దాచుకున్న మాటేదైనా ఉంటే మాత్రం ఇక్కడ కాదు... వినాల్సినవాళ్ళు ఉండగానే, వెళ్ళి వాళ్ళకే చెప్పండి.