నీలం బల్బు కింద పసిబిడ్డ

2022 చలికాలం. నంద్యాలలో నాది దీపాల కొట్టు. అమ్మడంతో పాటు వాటి సీఆర్ఐ కొలిచి చెప్పడమూ నా పనే. ఎండలో కనిపించే రంగులను ఒక దీపం ఎంత నిజంగా చూపిస్తుందో నూటికి వేసే మార్కు అది. ఎండకు నూరు. ఇంటి దీపానికి ఎనభై దాటితే చాలు, చీరల కొట్టుకు తొంభై పైన ఉండాలి. కోయిలకుంట్లలో ఒక చీరల కొట్టుకు మంచి దీపాలు బిగించాక, తన పెండ్లినాటి పంచె తెల్లది కాదని యజమాని అప్పుడే కనుక్కొని మామగారి మీదికి పోట్లాటకు పోయాడని చెబుతుంటాను. అందులో సగం నా వంటకమే. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం ఉప్పూ కారం ఏమీ కలపలేదు.

ఆళ్లగడ్డ నుంచి సుగుణమ్మ ఫోను చేసింది. ఏటా క్రిస్మస్‌కు వాళ్ల మిద్దె మీద స్టార్ కట్టేది నేనే.

"అప్పా, స్టార్‌లో ఏస్తావే నీలం బల్బు, దానికంటే పెద్దది ఉండాదా?"

"ఏంమ్మా, ఈసారి స్టార్ శ్రీశైలం దాకా కనపడల్లనా?"

"స్టార్‌కు కాదప్పా. మా కూతురు రూతమ్మ కొడుక్కు పసిరికలు."

కామెర్లని కాన్పయిన ఆస్పత్రిలో బిడ్డను నీలం దీపం కింద ఉంచారట. తగ్గిందని ఇంటికి పంపుతూ, మళ్లీ పచ్చబడితే తీసుకురమ్మన్నారట. మళ్లీ పచ్చబడ్డాడు. దీపమే కదా, అదేదో ఇంట్లోనే పెడదామని నిరుటి స్టార్‌లోని బల్బు తీసి ఉయ్యాల మీద వేలాడదీసింది సుగుణమ్మ.

"ఆస్పత్రికి తీస్కపోమ్మా."

"యాలప్పా? లైటు ఏస్తానే పచ్చ దిగిపాయె. పెద్దదైతే ఇంగా మేలని అడుగుతాండా."

ఏస్తానే దిగిపోయిందన్న మాట నాకు నచ్చలేదు. సీఆర్ఐ కొలిచే మీటరు పట్టుకొని వెంటనే బయలుదేరాను.

బాలింతకు గాలి తగలకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఆ నీలం వెలుతురులో అందరం నీళ్లలో మునిగినవాళ్లలా ఉన్నాం. ఉయ్యాల పక్కన మీటరు పెట్టాను. అంకె రాలేదు, అడ్డగీతలు వచ్చాయి.

"ఏందీ, నీ మిషన్ ఏం జెప్తాంది?" అంది సుగుణమ్మ.

"ఈ ఎల్తురులో ఏ రంగూ నమ్మొద్దంటాంది. పిల్లోడు పాలు తాగుతాండాడా?"

బిడ్డ తల్లి రూతు జవాబు చెప్పింది. "నిన్నట్నుంచి తాగడంల్యా అన్నా. ఊరికే నిద్దరపోతాండాడు."

బల్బు ఆపి, కిటికీకి కట్టిన దుప్పటి లాగేశాను. ఎండ నేరుగా ఉయ్యాలలో పడింది. బిడ్డ నుదుటి నుంచి అరికాళ్ల దాకా పసుపు కొమ్ములా ఉన్నాడు.

"ఎవురే వీనికి పసుపు పూసింది?" అని అరిచింది సుగుణమ్మ.

రూతు కొంగుతో బిడ్డ చెంప తుడిచింది. కొంగు చూసుకొని మళ్లీ తుడిచింది.

నా వ్యానులోనే నంద్యాల ఆస్పత్రికి తెచ్చాం. దారి పొడుగునా తల్లి వాడి అరికాలు గిల్లుతూనే ఉంది. వాడు ఏడవలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నీలం వెలుతురు కింద పచ్చ కనపడదు. మేము కూడా దీపం ఆపే చూస్తాం, పైగా రక్తం పరీక్ష చేస్తాం. మీ బల్బుకు జబ్బు తగ్గించే బలం లేదు. దాచే బలం ఉంది" అంది. బిడ్డకు రక్తం మార్చారు. ప్రాణం దక్కింది. కామెర్లు మెదడుకెక్కి చెవులు పోయాయి.

రంగును చూపని దీపం ఎంతమందిని మోసం చేయగలదో నాకు ఆ ఇంట్లో తెలిసింది. ఇప్పుడు నీలం బల్బు అడిగితే, ఇంట్లో పసిబిడ్డ ఉందా అని అడగకుండా ఇవ్వను. "నీకెందుకన్నా, పేరు పెడ్తావా?" అని ఎగతాళి చేస్తారు. చేయనీ.

పోయిన నెల సుగుణమ్మ మనవణ్ణి చంకనేసుకొని కొట్టుకు వచ్చింది. అలవాటు చొప్పున "ఒరేయ్ బుడ్డోడా!" అని పిలిచాను. వాడు తల తిప్పలేదు.

"వానికి ఇనపడదు గదప్పా" అంది ఆమె. "లైటు ఏసి ఆపు, సూస్తాడు."

వేసి ఆపాను. చూశాడు.