మా ఇంట్లో ముక్కు పని

మా చిన్నప్పుడు ఇంట్లో తలా ఒక పని... నాన్న తాటిచెట్టెక్కి కల్లు గీసేవాడు, అమ్మ దుకాణం చూసేది, అన్న సీసాలు కడిగేవాడు. నాకు దక్కింది ముక్కు పని. కడిగిన ప్రతి సీసా మూతి దగ్గరా ముక్కు పెట్టి వాసన చూడాలి. నేను "మంచిదే" అంటే అందులో కల్లు పోస్తారు. "ఛీ" అంటే మళ్ళీ నీళ్ళ గాబు దగ్గరికి పోతుంది. రెండుసార్లు "ఛీ" అనిపించుకున్న సీసాను గోడకేసి కొట్టడమే.

పాత బీరు సీసాలవి... ఊరంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే చేరేవి. మధ్యలో ఎవరింట్లో ఏం కాపురం చేసొచ్చేవో దేవుడికెరుక. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో ఎడ్లకు పట్టే కషాయం, ఇంకోదాంట్లో చచ్చిన బల్లి... అన్నం తింటూ చదివేవాళ్ళు క్షమించాలి. నేను ఆ ముక్కుతోనే మూడు పూటలా తిన్నాను మరి.

ఒకసారి నాకు పడిశం పట్టింది. చెబితే అన్న నా పని లాక్కుని, నన్ను గాబు దగ్గర కూర్చోబెడతాడని భయం. అందుకే నోరు మూసుకుని, వచ్చిన ప్రతి సీసాకీ పెద్ద ఆరిందాలా "మంచిదే" అన్నాను. ఆ మధ్యాహ్నం రోజూ వచ్చే లచ్చయ్య తాత ఒక గుక్క తాగి వాకిట్లోనే కక్కుకున్నాడు... కిరసనాయిలు.

నాన్న వాదించలేదు. ఆ సీసా అందుకుని అందరి ముందూ తనూ ఒక గుక్క మింగాడు. "సీస మాది, తప్పు మాదే కాకా" అన్నాడు. ఆ రోజు నింపినవన్నీ ఒక్కొక్కటిగా నేల మీద ఒంపేశాడు. వాకిలంతా ఈగలు... పులిసిన కల్లు మట్టిలో ఇంకిపోతుంటే నేను గాబు పక్కన నిలబడి చూశాను.

నన్ను కొట్టలేదు. ఒక్కటే అడిగాడు... "చెప్పకపోతివేంది బిడ్డా? పడిశం పట్టుడు తప్పు గాదు గదా."

ఇప్పుడు నేనుండేది బహ్రెయిన్‌లో... మహూజ్‌లో, కూతురింట్లో. సైన్సు టీచరుగా రిటైరయ్యాను కదా, కాలు మీద కాలేసుకుందామని వచ్చాను. వచ్చేసరికి కూతురు సునీత, అల్లుడు రవి కలిసి అల్లం, నిమ్మ, బెల్లం పులియబెట్టి సీసాల్లో అమ్మే వ్యాపారం పెట్టి ఉన్నారు. "మత్తు లేని కల్లు" అంటాను నేను. "జర మెల్లగ అత్తమ్మా! ఎవరన్న వింటే మాట మాకు వీసా ఇచ్చిన కఫీల్ దాక పోతది" అని బతిమాలతాడు అల్లుడు.

తాగిన సీసా వాపసిస్తే కడిగి మళ్ళీ నింపుతారు. ఇదేదో తామే కనిపెట్టినట్టు సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ కూడాను! మా నాన్న సీసా మూతిలో నిజం ఈతాకే కుక్కేవాడు... బొమ్మ గీయలేదు పాపం.

లేబర్ క్యాంపుల్లో ఉండే మన పిల్లలు డ్యూటీ దిగొచ్చి తాగినా, సీసా కడిగి, మూత పెట్టి మరీ తెచ్చిస్తారు. విల్లాల నుంచి వచ్చేవి చూడాలి... సిగరెట్ పీకలు, నానిన టిష్యూలు, ఒకదాంట్లో ఎవరో తలకేసుకోగా మిగిలిన రంగు! యాక్... ఈ ముక్క టైపు చేసినందుకే వేళ్ళు కడుక్కోవాలనిపిస్తోంది.

అందుకే నా పాత ఉద్యోగం నేనే అడిగి తీసుకున్నాను. మెషిన్ కడుగుతుంది. దానికి ముక్కు లేదు కదా, వాసన నేను చూస్తాను.

మొన్న గురువారం... మర్నాడు శుక్రవారం ఇక్కడ సెలవు, తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక విందు. అరవై సీసాలు కావాలన్నారు. అంత పెద్ద ఆర్డరు మావాళ్ళకి అదే మొదటిది, పైగా తాగేవాళ్ళలో చిన్నపిల్లలూ ఉంటారు. నేను "మంచిదే, మంచిదే" అంటూ అందిస్తున్నాను. నలభై నింపి మూతలు బిగించేశారు. నలభై ఒకటోది నింపబోతూ సునీత ఆగింది.

"అమ్మా, ఇదొకసారి చూడు."

చూశాను. "మంచిగనే ఉంది."

"ఇంత ఫినాయిల్ వాసన కొడుతుంటే మంచిగుందంటవేందమ్మా?"

"అది మీ మెషిన్లో పోసే పూల సబ్బు. దాంతో శవాన్ని కడిగినా మల్లెతోట అంటరు మీరు."

రవి వచ్చి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "సబ్బు కాదత్తమ్మా..."

మళ్ళీ అందుకున్నాను. ఊపిరంతా లోపలికి లాగి చూశాను. ఏమీ లేదు... ఉత్త గాలి.

నిజానికి నాకు తెలుసు. రెండు నెలలుగా ఇంగువ పోపు వాసన రావడం లేదు. పాలు మాడితే పొగ చూసి లేచాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా చేతిలో సీసా తీసేసుకుని టీవీ రిమోట్ పెడతారు.

"ఒక్కటే గద, పక్కన పెట్టేస్తే ఖలాస్. నింపినవి మంచివే ఉంటయి" అన్నాడు రవి, నన్ను కాపాడదామని.

ఆ "మంచివే" నన్ను కుట్టింది. "అవి మంచివని చెప్పింది నేనే గద నాయనా... రెండు నెలల సంది నా ముక్కు పని చేస్తలేదు. ఒంపెయ్యండి."

సునీత మొదటి సీసా అందుకుంది. తర్వాత మూతలు తీసే చప్పుడు... నలభై. ఇల్లంతా పులిసిన అల్లం వాసన నిండిందట. నాకు తెలియలేదు. విల్లాల వాళ్ళ మీద పడ్డ అసహ్యమంతా తిరిగొచ్చి నా మీదే కూర్చోవడం మాత్రం బాగా తెలిసింది.

మిగిలిన రసానికి సరిపడా వేరే సీసాలు సునీతే వాసన చూసి నింపింది. అరవై అన్నచోటికి ఇరవైతో పోయాడు అల్లుడు. సింకు కడుగుతూ సునీత నా వైపు తిరగకుండానే అడిగింది... "చెప్పకపోతివేందమ్మా?"

వాళ్ళ తాత మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ముక్కు పని దానిది. నేను పక్కన కూర్చుని "సరిగ్గా చూడవే" అని సతాయిస్తుంటాను. ఈ రోజుల్లో మెషిన్లు కడుగుతున్నాయి, సబ్బులు కంపును కప్పుతున్నాయి... మూతి దగ్గర ముక్కు పెట్టి చూసే ఓపిక ఎవరికుంది? ఓపికున్న మాకేమో ముక్కులు పోయాయి.

మీ ఇళ్ళలో ఈ పని ఎవరిదో కింద రాయండి... పడిశం పట్టిన రోజు సంగతి కూడా, దాచకుండా.