ఎండిన బోరుకు కట్టిన తీగ

ఉదయం అయిదున్నరకు అనంతపురంలో రైలు దిగాను. ఉపగ్రహాలు అందని చోట కూడా సైనికులకు దారి చూపే రేడియో తయారుచేయడం మా పని. దాని పరీక్ష సోమందేపల్లె దగ్గర, మధ్యాహ్నం మూడింటికి, సైన్యాధికారుల ముందు. గురి తప్పితే ఆరేళ్ల చాకిరీ అటకెక్కినట్టే.

ఉగ్గాని, బజ్జి తిని ఏడింటి బస్సెక్కాను. సోమందేపల్లెకు టికెట్టు తీసుకుంటుంటే, నా ఒళ్లో పెట్టె చూసి పక్కసీటు పెద్దాయన అడిగాడు.

"ఏముండాదప్పా దాంట్లో?"

"దారి చూపే యంత్రం."

"సోమందేపల్లెకేనా? కండక్టర్నడిగితే చెప్పడా?"

చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తొమ్మిదిన్నరకు లక్ష్మమ్మ అనే రైతు చేను చేరాను. మా బృందం ముందే వచ్చి మూడుచోట్ల, రేడియో అలలు పంపే మూడు స్తంభాలు పాతింది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి, ఈ చేలోదే మొండికేసింది. అలలు బలంగా పోవాలంటే స్తంభాన్ని నేలతో కలిపే ఎర్తు కడ్డీలు తడి తగిలేదాకా భూమిలోకి దిగాలి. నేను లెక్కలు వేసింది మా ఆఫీసు వెనకున్న నల్లరేగడిని చూసుకుని. ఇక్కడ మోకాటి లోతుకే రాయి. పెట్టెలోని రిసీవరును జీపులో పెట్టి దూరం పంపితే, అది తానున్నచోటు తప్పుగా చూపిస్తోంది.

ట్యాంకరు తెప్పించి కడ్డీల చుట్టూ నీళ్లు పోయిస్తుంటే పక్కనున్న బత్తాయి తోటలోంచి లక్ష్మమ్మ వచ్చింది.

"నా చీనీచెట్లు ఎండిపోతాండాయి. మీరు ఇనుప కడ్డీలకు నీళ్లు పోస్తాండారా సారూ?"

సిగ్గేసింది. సంగతంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, గట్టు పక్కన ఎండిపోయిన బోరు చూపించింది.

"దీనికి అరవై అడుగులు ఇనుప పైపు దించినాం. నీళ్లున్నన్నాళ్లూ మోటారుకు ఎర్తు దానికే ఇచ్చింటిమి. నీ తీగ దానికి కట్టుకో. ఆ నీళ్లు నా చెట్లకు ఇడువు."

మోటారుకు అందే నీళ్లు లేకపోయినా, అంత లోతున తడి ఉంటుంది. ఇన్నేళ్ల చదువులో నాకీ ముక్క తట్టలేదు చూడండి! తీగ కట్టాం, ట్యాంకరును చెట్లవైపు తిప్పాం. మూడింటికి అధికారుల ముందు జీపు ఎటు వెళ్లినా తెరమీది చుక్క దాని వెంటే నడిచింది.

బయల్దేరుతుంటే లక్ష్మమ్మ నా సంచిలో నాలుగు చీనీకాయలు వేసింది.

"ఆ నీళ్లు ఎన్నాళ్లొస్తాయమ్మా?"

"పది దినాలు." తర్వాత మామూలుగానే అడిగింది. "మనిషి యాడుండాడో చెప్తాదే నీ మిషను, నీళ్లు యాడుండాయో చెప్పదా సారూ?"

ఇలాంటి అలలతోనే రాతి పగుళ్లలో నీటిజాడ వెతకవచ్చని నాకు తెలుసు. ఎన్నడూ ప్రయత్నించలేదు, అంతే. సంచి భుజాన వేసుకుని బస్సు కోసం నడిచాను.

రాత్రి రైల్లో కాయ ఒలుచుకున్నాను. రసం తక్కువ, అయినా తీపి. అటు వెళ్లే ఇంజనీర్లారా, పెట్టె విప్పే ముందు ఆ చేనివాళ్లను ఒక మాట అడగండి. నీళ్లు దొరుకుతాయని నేను మాటివ్వలేను. పరీక్ష నివేదిక పక్కన పెట్టి ముందు సెలవు చీటీ రాశాను. పది రోజుల్లోపే నీటిజాడ వెతకడానికి మళ్లీ ఆ చేనికి వెళ్లాలి.