దొరగారి పిడుదులు

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. నలకంత స్క్రూను కూడా సన్నటి పట్టకారుతో, ఊపిరి బిగబట్టి, ఎక్కడ పట్టాలో అక్కడే పట్టి తీస్తాడు. ఆ ఓర్పు చూసి అందరూ నన్ను అదృష్టవంతురాలివంటారు. కాపురం చేసేది నేను కదా, వాళ్ళకేం తెలుసు!

నోట్లో నాలుక లేని మనిషి. నోరు తెరిస్తే వచ్చేది ఒకటే మాట, "గొడవెందుకులే" అని. గ్లాసు పగిలితే ముక్కలు బీరువా వెనక్కి తోస్తాడు. చొక్కా కాలితే మడతపెట్టి అన్నింటికన్నా అడుగున దాస్తాడు. ఎప్పటికో అవి నా చేతికే దొరుకుతాయి. అప్పుడు గొడవ రెట్టింపవుతుంది. ఇంత చిన్న సంగతి ఆ బుర్రకెక్కదు.

అలాంటి మనిషి ఒకరోజు కొట్టు ముందు దొరికిన కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకొచ్చాడు. దానికి దొర అని పేరు. దొరగారి వెంట చెవుల నిండా, వేళ్ళ సందుల నిండా నెత్తురు తాగే పిడుదుల పరివారం. ఈయన వాటిని గోళ్ళతో గిల్లి పీకేవాడు. తలలు లోపలే ఉండిపోయి పుళ్ళు పడ్డాయి. ఎవడో చెప్పాడని అగ్గిపుల్ల పెట్టాడు. పిడుదు ఊడలేదు, పాపం కుక్క చెవి కాలింది.

పశువుల డాక్టరు చెడామడా తిట్టాడు. "నిప్పూ వద్దు, నూనే వద్దు, కిరసనాయిలూ వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. వేళ్ళతో నలపకండి. తర్వాత సబ్బుతో కడగండి. మనుషులకి పట్టినా ఇంతే. ఆ తర్వాత జ్వరమొస్తే మాత్రం డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి" అన్నాడు. పిడుదులు పట్టకుండా దొర మెడ మీద వేయమని మందు కూడా ఇచ్చాడు.

"మీ కొట్లో పట్టకారుందిగా, అది తీసుకురండి" అన్నాను.

"అది గడియారాలది. పాడైపోతుంది" అన్నాడు.

వింటున్నారా? గడియారానికి పట్టకారు, ఒంటికి గోళ్ళు! చివరికి నా కనుబొమల ప్లక్కరు దొరగారికి అంకితమైంది. ఈయన మాత్రం నేను చూడనప్పుడు మళ్ళీ గోళ్ళకే పని చెప్పేవాడు. మెడ మీది మందు సంగతి గుర్తుచేసినప్పుడల్లా "రేపు" అనేవాడు. ఒక పొద్దున నా దిండు మీద ఒక పిడుదు తాపీగా నడుచుకుంటూ పోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకోసారి ఈ ఇంట్లో మంచం మీద గానీ, మనిషి ఒంటిమీద గానీ పిడుదు కనిపించిందా, మీ దొర వీధిలో ఉంటాడు!" అని అరిచాను. ఆయన తలూపాడు. దొర కూడా తోకూపాడు.

కొన్నాళ్ళకు ఆయనకు జ్వరం పట్టుకుంది. మాత్రలకు తగ్గలేదు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, మాట తడబాటు. ఆసుపత్రిలో చేర్చాం. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టరమ్మ పక్కనే కూర్చుని, "ఏదైనా పురుగు కుట్టిందా? బాగా గుర్తుచేసుకోండి" అని అడిగింది.

"లేదండి" అన్నాడు గోడకేసి చూస్తూ. ఆ చూపు నాకు తెలుసు, బీరువా వెనక ఏదో ఉందన్నమాటే. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా దాస్తాడని ఎవరనుకుంటారు?

మర్నాటికి మనిషి నన్ను పోల్చుకోలేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే నడుం దగ్గర, లుంగీ ముడి కింద, నల్లటి పెచ్చు కనిపించింది. చుట్టూ ఎర్రగా గోళ్ళ గాట్లు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటారే, ఈ మహానుభావుడు గోటితో తీసే గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు! పరుగెత్తాను. డాక్టరమ్మ వచ్చి చూసి, "పిడుదు కుట్టిన మాట మొదటిరోజే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా" అంటూ అప్పటికప్పుడు మందు మార్చింది.

జ్వరం దిగింది. నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే అడిగింది నేను తిన్నానా అని కాదు.

"దొర ఇంట్లోనే ఉన్నాడా?"

"డాక్టరమ్మ అడిగితే ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు పక్కనే ఉన్నావుగా. వింటే పంపేస్తావు కదా."

"ప్రాణం పోతే?"

ఇన్నేళ్ళూ నెమ్మదస్తుణ్ణి కట్టుకున్నాననుకున్నాను. ఈయన చావుకన్నా నా నోటికే ఎక్కువ భయపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందో తెలియలేదు.

"పంపను. ఇంకెప్పుడూ పంపనుగానీ, ఏమున్నా ముందు నాకు చెప్పండి."

"తిట్టవుగా?"

"తిడతాను. తిడుతూనే తీస్తాను."

ఆయన మెల్లగా దుప్పటి తొలగించి, "అయితే ఈ మోకాలి వెనక ఒకసారి చూడు. ఆసుపత్రికి రాకముందు నుంచీ ఉంది" అన్నాడు.

నర్సమ్మను కేకేశాను. ఆవిడ చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా లాగి, దాన్ని చిన్న సీసాలో వేసి మూత పెట్టింది. ఆయన కాలికేసి చూడనేలేదు. నా ముఖమే చూస్తున్నాడు, ఎప్పుడు తిట్టడం మొదలుపెడతానా అని.

మాట ఇచ్చాను కదా. ఆయన చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను.