దాదీ కోసం కట్టిన గది

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో, పొద్దు పొడవక ముందే చెంబుల చప్పుడుకి మెలకువ వచ్చేది. మా వాడ ఆడవాళ్లంతా కబుర్లు చెప్పుకుంటూ తుమ్మచెట్ల వైపు నడిచేవాళ్లు. నేను మా దాదీ కొంగు పట్టుకుని, సగం నిద్రలోనే వెనకాల నడిచేదాన్ని.

పొగమంచు... కాళ్లకు తగిలే తడి గడ్డి... ఎవరిదో గాజుల గలగల. దాదీ, అంటే మా నాన్నమ్మ, పక్కన ఉంటే నాకు భయమే ఉండేది కాదు. ఇప్పటికీ అదంతా ఒక కలలాగే గుర్తుంది. పెద్దవాళ్లకు అదెంత కష్టమో అప్పుడు తెలియదు కదా...

ఒక వానాకాలం దాదీ చెరువు గట్టు మీద జారిపడింది. దవాఖానలో మోకాలికి కట్టు కట్టి పంపారు. మంచం మీదే ఉండాల్సి వచ్చింది.

మెల్లగా తిండి తగ్గించేసింది. ఆకలి లేదనేది. నీళ్లయితే పెదాలు తడుపుకునేంతే. ఒకరోజు గ్లాసు పట్టుకుని నేను మారాం చేస్తే, దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది.

"తాగితే బయటికి పోవాలె బిడ్డా. మీ అమ్మ నన్ను ఎన్నిసార్లని మోస్తది?"

ఆ మాట దాచుకోలేక మా నాన్నకు, అబ్బాకు చెప్పేశాను. ముందు గది వేద్దామని తెచ్చిన ఇటుకలు వాకిట్లో పేర్చి ఉన్నాయి. అబ్బా వాటి వైపు ఒకసారి చూసి గడ్డపార అందుకున్నాడు.

దాదీకి కోపం వచ్చింది. "అన్నం తినే ఇంట్ల గిదేందిరా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్ అమ్మా. నువ్వు కడుపు నిండ తిను, నాకు గంతే చాలు."

పెరట్లో గుంత తవ్వి సిమెంటు రింగులు దించారు. ఆ ఇటుకలతోనే గోడలు లేచాయి, పైన రేకు పడింది. తలుపు వచ్చేదాకా గోనెపట్టానే అడ్డం. మొదటిసారి లోపలికి వెళ్లొచ్చిన రోజు, మధ్యాహ్నం దాదీ రెండోసారి అన్నం పెట్టించుకుంది... అమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

వారం తిరక్కముందే పక్కింటి లక్ష్మక్క వచ్చి గోడ దగ్గర నిలబడింది. నిండు నెలలు. అడగలేక కొంగు నలుపుకుంటోంది. నవ్వుతారని భయపడిన దాదీయే మంచం మీద నుంచి పిలిచింది.

"సిగ్గెందుకు బిడ్డా... పో, లోపటికి పో. ఎప్పుడొచ్చినా ఎవలనూ అడగకు."

ముందు గది మాత్రం చాలా ఏళ్లు లేవలేదు. అబ్బా ఎప్పుడూ బాధపడలేదు.

ఇప్పుడు మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో టైల్స్ వేసిన బాత్రూమే. మా పాప గడియ పెట్టుకుని లోపల హాయిగా పాటలు పాడుకుంటుంది. బయట నిలబడి వింటుంటే దాదీ గుర్తొస్తుంది...

మీ ఇంట్లో ఆ గది మొట్టమొదట ఎవరి కోసం కట్టారో... మీకు తెలుసా?