పూడిక తీసిన రోజు సద్ది

ఎంకపల్లిలో మా పొలానికీ మా బావ పొలానికీ మధ్య ఒక గట్టు ఉండేది. బావ అంటే మా ఆయనకు అన్న. మా ఆయన పోయి ఏడాది తిరగకముందే ఆ గట్టును రెండు మూరలు మావైపు జరిపాడు. నేను నోరున్న మనిషిని. ఊరంతా వినేలా అరిచి, చేవెళ్ల కచేరీలో దావా వేయించాను. చివరికి పెద్దమనుషులు రాజీ చేశారు. గట్టు జరిపిన చోటే ఉంటుంది, బదులుగా కింది మడి నాకిస్తాడు. ఉర్దూలో రాసిన ఆ కాగితం మీద వేలిముద్ర వేశాను. చదివి వినిపించమని అడగలేదు. అంత నోరూ ఆ రోజు ఎక్కడికి పోయిందో!

కాగితం చివర, ఇకమీదట బావ మీద నాకు ఏ దావా లేదని రాసి ఉందట. రెండేళ్ల తర్వాత ఆయన ఆ మాట పట్టుకున్నాడు. బావిలో వంతు కూడా వదులుకున్నట్టేనని నా మోట తాళ్లు విప్పి బయట పడేశాడు. రెండు పొలాలకూ అదొక్కటే బావి. ఆ నీళ్లు లేకపోతే నా వరి ఎండుతుంది, నేనూ నా బిడ్డా ఊరు విడిచి పోవాలి.

భయంతో ముద్ద దిగేది కాదు. బిడ్డ గట్టిగా పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. నా బొటనవేలు చూసుకుంటే నాకే అసహ్యం వేసేది.

మళ్లీ చేవెళ్లకు పోయి ఒక వకీలును పట్టుకున్నాను. ఆయన కాగితం చదివి, నా ముఖం చూసి అన్నాడు: "రాసిచ్చినవు, గది చిన్న మాట కాదమ్మా. అయితే మున్సిఫ్ సాబ్ ఆ ఒక్క మాటనే చూడడు. ఆ దినం మీ కొట్లాట దేనికో చూస్తడు. అటెనుక మీరిద్దరు ఎట్ల నడుచుకున్నరో చూస్తడు. జర యాది చేస్కో."

ఎంత ఆలోచించినా ఒకటే గుర్తొచ్చింది. కాగితం రాసుకున్న తర్వాతి ఎండాకాలం బావ మా వాకిట్లోకి వచ్చి, "రేపు బాయి పూడిక తీస్తున్నం, రా" అన్నాడు. వెళ్లాను. మూడు రోజులు బురద తట్టలు మోశాను. అది విని వకీలు, ఆ రోజుల్లో ఏం తిన్నావని అడిగాడు. నా ప్రాణం పోతుంటే ఈయనకు తిండి గోల ఏమిటని మనసులో తిట్టుకున్నాను.

విచారణ రోజు తలుపు పట్టుకొని నిలబడ్డాను. బావ మాత్రం తొణకలేదు. "కూలికి పిలిచిన సర్కార్, పేదరాలు గదా అని" అన్నాడు. ఎవరైనా నమ్మే మాటే. నా చీర కూలివాళ్ల చీరలకంటే పాతది.

వకీలు నెమ్మదిగా అడిగాడు: "కూలోళ్లకు పగటన్నం ఎవరు పెట్టిన్రు?"

"నేనే. అందరికి మా ఇంటి జొన్న గట్కనే."

"ఈమె గూడ తిన్నదా?"

బావ, సాక్ష్యానికి వచ్చిన తన కూలివాళ్లిద్దరి వైపు చూశాడు. మా ఊళ్లో పూడికకు కూలికొచ్చిన వాళ్లకు పిలిచినవాళ్లు తిండి పెడతారు. బావిలో వంతున్న వాళ్లు ఎవరి సద్ది వాళ్లు తెచ్చుకుంటారు. వకీలు నావైపు తిరిగాడు.

"నా సద్ది నేనే కట్టుకపోయిన సర్కార్. ఆయన గట్క ముట్టలె" అన్నాను. బావ దగ్గర పనిచేసిన కూలివాళ్లిద్దరూ అదే చెప్పారు.

మున్సిఫ్ ఉర్దూలో చెప్పింది వకీలు నాకు విప్పి చెప్పాడు: "కాగితం పుట్టింది గట్టు కొట్లాట కోసం. ఆఖరి మాట గూడ ఆ గట్టు దాకనే. వంతు వదులుకున్నదైతే నీతోటి నిలబడి తన సద్ది తినుకుంట పూడిక ఎట్ల తీస్తదని మీ బావను అడిగిండు."

గెలిచాను. భయం మాత్రం పోలేదు.

మరుసటి ఎండాకాలం బావి దగ్గర గిలక చప్పుడు వినిపించింది. ఈసారి నాకు పిలుపు రాలేదు. అప్పుడు తెలిసింది, నేను వెళ్లిన రోజును చూసిన కచేరీ, వెళ్లని రోజును కూడా చూస్తుందని. జొన్నరొట్టె మూట కట్టుకొని బయలుదేరాను.

బావిలోకి దిగే తాడు బావ చేతిలో ఉంది. అడుగున రాళ్లు తేలి ఉన్నాయి. సద్ది మూట అందరికీ కనబడేలా ఒడ్డున పెట్టాను.

"గట్టిగ పట్టు బావా" అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు. తాడు పట్టుకొని దిగాను.